వెబ్‌సైటు తెరుచుకోనప్పుడు అది సాంకేతిక లోపమా, ప్రభుత్వ నిషేధమా అని తేల్చుకోవడం ఎలా

నిన్నటి దాకా తెరుచుకున్న ఒక వార్తా వెబ్‌సైటు ఇవాళ తెరుచుకోకపోతే, తెర మీద కనిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఈ సైటును చేరుకోలేకపోతున్నాం. సర్వర్ మూలపడినా, సముద్రం అడుగున కేబుల్ తెగినా, సర్వీస్ ప్రొవైడర్ ప్రభుత్వ ఆదేశం మేరకు దారి మూసినా, ఎవరైనా సైబర్ దాడి చేసినా పాఠకుడికి కనిపించేది ఆ ఒక్క వాక్యమే. సెన్సార్‌షిప్ బలంలో సగం ఈ అయోమయంలోనే ఉంది. నిషేధం విధించినవారు దాన్ని ఒప్పుకోనక్కర్లేదు, నెట్‌వర్క్ సమస్య అని ఊరుకుంటే చాలు. అలాగని ప్రతి అంతరాయాన్నీ ప్రభుత్వానికి అంటగడితే, నిజంగా గొంతు నొక్కిన రోజున మన మాట నమ్మేవారు ఉండరు. అందుకే ఈ పనికి ఓపిక కావాలి, క్రమం కావాలి. ఒక ఫోను, ఒక కంప్యూటరు ఉన్న సాధారణ పాఠకుడు, విలేకరి, విద్యార్థి ఎవరైనా చేయగలిగిన పరీక్షలను, వాటి ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

పరీక్ష చేయడం అంటే నిషేధిత చిరునామాను మీ కనెక్షన్ నుంచే అడగడం. అడిగిన సంగతి సర్వీస్ ప్రొవైడర్ దగ్గర నమోదయ్యే అవకాశం ఉంటుంది. రష్యాలో సోర్మ్ అనే వ్యవస్థ కింద ప్రతి ప్రొవైడరూ భద్రతా సంస్థకు నేరుగా అందుబాటు కల్పించే పరికరాలను తన నెట్‌వర్క్‌లో పెట్టుకోవాలి. చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. కాబట్టి మీరున్న చోట చట్టం ఏమంటుందో, మీ వృత్తి వల్ల ఇప్పటికే మీ మీద కన్ను ఉందా లేదా అన్నది ముందు ఆలోచించుకోండి. ప్రమాదం ఉందని అనిపిస్తే మీరు పరీక్ష చేయకండి. ఇతరులు ఇప్పటికే బహిరంగంగా ఉంచిన కొలతలతోనే చాలా విషయం తేలుతుంది. వాటి గురించి తర్వాత చెబుతాను. ఆఫీసు కంప్యూటర్ మీద, ఆఫీసు నెట్‌వర్క్ మీద పరీక్ష చేయవద్దు. అక్కడి ఫైర్‌వాల్ ఫలితాన్ని పాడుచేస్తుంది, మీ ఉద్యోగానికీ చిక్కు తెస్తుంది. ఏ దేశంలోనైనా నేరంగా పరిగణించే విషయాలున్న చిరునామాలను పరీక్ష పేరుతో తెరవకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా పంపే సేవ) వాడుతుంటే పరీక్ష సమయంలో ఆపేయండి. లేకపోతే మీరు కొలిచేది మీ నెట్‌వర్క్‌ను కాదు, ఆ వీపీఎన్ సర్వర్ ఉన్న దేశపు నెట్‌వర్క్‌ను.

ముందు మామూలు కారణాలను పక్కకు తీయాలి

వేరే సైట్లు తెరుచుకుంటున్నాయా? అదే సైటు ఇంకో ఫోనులో వస్తోందా? వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే ఎలా ఉంది? ఇంకో కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుడికి వస్తోందా? వేరే దేశంలో ఉన్నవారికి వస్తోందా? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ప్రపంచంలో ఎక్కడి నుంచీ తెరుచుకోని సైటు విషయంలో మీ దేశపు ప్రభుత్వాన్ని అనుమానించే ఆధారం లేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఒకేసారి మాయమైనప్పుడు అనేక దేశాల ప్రజలు తమ ప్రభుత్వాలే ఆపేశాయని అనుకున్నారు. నిజానికి ఆ కంపెనీ తన నెట్‌వర్క్ నిర్వహణలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల, తమ సర్వర్లకు దారి చూపే ప్రకటనలే ఇంటర్నెట్ నుంచి తొలగిపోయాయి. సుమారు ఆరు గంటల పాటు ఎవరూ ఆ సేవలను అందుకోలేకపోయారు.

మీ దేశంలో మాత్రమే తెరుచుకోకపోయినా అది ప్రభుత్వ నిషేధమని చెప్పలేం, ఎందుకంటే సైటు యజమానులే కొన్ని దేశాలవారిని తలుపు బయట నిలబెడుతుంటారు. 2018 మే 25న ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనలు అమల్లోకి వచ్చినప్పుడు లాస్ ఏంజెలెస్ టైమ్స్, చికాగో ట్రిబ్యూన్ వంటి అమెరికా పత్రికలు ఐరోపా పాఠకులకు తమ సైట్లను మూసేశాయి. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియా వాడుకరులకు, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ కొన్ని సేవలను నిలిపివేసింది. ఇలాంటి నిరాకరణను గుర్తుపట్టే మార్గం ఒకటుంది: బ్రౌజర్‌లో తాళం గుర్తు చెక్కుచెదరకుండా, సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చూపే డిజిటల్ పత్రం) గురించి హెచ్చరిక ఏమీ లేకుండా, మీ దేశంలో ఇది అందుబాటులో లేదని పేజీ కనిపిస్తే, ఆ మాట చెప్పినది మధ్యలోని నెట్‌వర్క్ కాదు, సైటు సర్వరే. చట్టపరమైన కారణాలతో ఇవ్వలేకపోతున్నామని చెప్పడానికి 2016లో హెచ్‌టీటీపీ 451 అనే ప్రత్యేక సంకేతాన్ని ప్రమాణంగా తెచ్చారు. అది కనిపిస్తే దాన్ని యథాతథంగా నమోదు చేయండి. దాని వెనుక ప్రభుత్వ ఆదేశం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ తేడా సైటు యజమానిని అడిగితేనే తెలుస్తుంది.

పేరు అడిగే దశ

ఒక పేజీ తెరుచుకోవడానికి ముందు మూడు నాలుగు పనులు వరుసగా జరగాలి. మొదట సైటు పేరును అంకెల రూపంలో ఉండే ఐపీ చిరునామాగా మార్చాలి, ఆ పనిని డీఎన్ఎస్ అనే వ్యవస్థ చేస్తుంది. తర్వాత ఆ చిరునామాతో కనెక్షన్ కుదరాలి. ఆ మీదట భద్రమైన సంభాషణకు ఒప్పందం జరగాలి. చివరగా పేజీ దిగాలి. సెన్సార్ వీటిలో ఏ దశలోనైనా చెయ్యి పెట్టవచ్చు, చెయ్యి పెట్టిన దశను బట్టి గుర్తులు మారతాయి. అందుకే బ్రౌజర్ చూపే ఎర్రర్‌లో పెద్ద అక్షరాల వాక్యాన్ని కాకుండా, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే సంకేతాన్ని రాసుకోండి. పేరు దొరకలేదని చెప్పేది ఒకటి, సమయం మించిపోయిందని చెప్పేది ఒకటి, కనెక్షన్ రీసెట్ అయిందని, అంటే అర్ధంతరంగా తెగిందని చెప్పేది ఒకటి. ఈ మూడూ మూడు వేర్వేరు కథలు.

డీఎన్ఎస్ దశను పరీక్షించడానికి విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటిలోనూ ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశం పనికొస్తుంది. కమాండ్ విండోలో ఆ ఆదేశం తర్వాత సైటు పేరు ఇస్తే మీ ప్రొవైడర్ ఇచ్చే చిరునామా కనిపిస్తుంది. అదే ఆదేశం చివర 8.8.8.8 అనో 9.9.9.9 అనో చేర్చితే బయటి సంస్థలు నడిపే డీఎన్ఎస్ ఇచ్చే జవాబు వస్తుంది. రెండూ వేరుగా ఉన్నంత మాత్రాన తొందరపడకూడదు. పెద్ద సైట్లు ఒక్కో ప్రాంతానికి ఒక్కో చిరునామా ఇవ్వడం మామూలే. అనుమానించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. జవాబుగా వచ్చిన చిరునామాలో మొదటి చుక్కకు ముందున్న అంకె 10 గానీ 127 గానీ అయితే, లేదా చిరునామా 192.168తో మొదలైతే అది బయటి ఇంటర్నెట్‌లో ఉండే చిరునామా కాదు. ఇరాన్‌లో నిషేధిత సైట్లకు ఏళ్ల తరబడి 10.10.34.34, దాని పక్క చిరునామాలు జవాబుగా వస్తున్నాయని పరిశోధకులు నమోదు చేశారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు సైట్లకు ఒకే చిరునామా వచ్చినా, వచ్చిన చిరునామా మీ ప్రొవైడర్‌దే అయినా అది బలమైన ఆధారం.

బయటి డీఎన్ఎస్ ఇచ్చిన జవాబు కూడా నిజమేనని హామీ లేదు. 2014 మార్చి 20న తుర్కియేలో ట్విటర్‌ను మొదట డీఎన్ఎస్ ద్వారానే ఆపారు. జనం గూగుల్ డీఎన్ఎస్ చిరునామా అయిన 8.8.8.8ను గోడల మీద రాసి ఒకరికొకరు చెప్పుకున్నారు. నెలాఖరుకల్లా అక్కడి ప్రొవైడర్లు ఆ చిరునామా తమదేనని తమ నెట్‌వర్క్‌లలో ప్రకటించుకుని, గూగుల్ పేరుతో తామే జవాబులు ఇవ్వడం మొదలుపెట్టారు. చైనా పద్ధతి ఇంకోలా ఉంటుంది. దేశ సరిహద్దు దాటే డీఎన్ఎస్ ప్రశ్నలో నిషేధిత పేరు కనిపిస్తే, అసలు జవాబు రాకముందే మధ్యలోని పరికరం ఒక దొంగ జవాబును పంపేస్తుంది. దీన్ని పట్టుకునే పరీక్ష నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే దానిలో సందేహానికి తావు లేదు: డీఎన్ఎస్ సేవ అసలు నడవని, విదేశంలోని ఒక మామూలు చిరునామాకు ప్రశ్న పంపాలి. సాధారణంగా మౌనమే జవాబు కావాలి. అయినా జవాబు వచ్చిందంటే అది దారిలో పుట్టినదే, ఇంకో వివరణ లేదు.

మరో సులువైన పరీక్ష బ్రౌజర్‌లోనే ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ సెట్టింగులలో డీఎన్ఎస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే అవకాశం ఉంటుంది. దాన్ని ఆన్ చేయగానే సైటు తెరుచుకుంటే అడ్డంకి పేరు అడిగే దశలోనే ఉందని అర్థం. తెరుచుకోకపోతే తర్వాతి దశకు వెళ్లాలి.

కనెక్షన్ కుదిరే దశ

పేరుకు సరైన చిరునామా వచ్చాక కూడా చాలాసేపు తిరిగి తిరిగి సమయం మించిపోయిందని వస్తే, ఆ ఐపీ చిరునామానే మూసి ఉండవచ్చు. ఒకే చిరునామా మీద అనేక సైట్లు ఉండటం ఈరోజుల్లో సర్వసాధారణం కాబట్టి, ఇలాంటి నిషేధం పక్కవారిని కూడా దెబ్బతీస్తుంది. 2018 ఏప్రిల్‌లో టెలిగ్రామ్‌ను ఆపడానికి రష్యా నియంత్రణ సంస్థ రాస్‌కామ్‌నద్జోర్ అమెజాన్, గూగుల్ సంస్థల చిరునామాలను కోటికి పైగా మూసేసింది. టెలిగ్రామ్ మాత్రం చాలామందికి పనిచేస్తూనే ఉంది, దానితో ఏ సంబంధమూ లేని సేవలు పడిపోయాయి. 2020 జూన్‌లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. కాబట్టి అదే చిరునామా మీద ఉన్న వేరే సైట్లు కూడా మీకు రావడం లేదా, బయటి దేశంవారికి అవన్నీ వస్తున్నాయా అన్నది చూడండి.

కనెక్షన్ కుదిరిన మరుక్షణమే రీసెట్ అయితే కథ వేరు. హెచ్‌టీటీపీఎస్‌లో పేజీలోని విషయం ఎవరికీ కనిపించదు, కానీ ఏ సైటు కావాలో చెప్పే పేరు మాత్రం మొదటి పలకరింపులో సాధారణంగా బహిరంగంగానే వెళుతుంది. అతికించిన కవరులో ఉత్తరం దాగి ఉన్నా, పైన రాసిన పేరు దారిలో ఎవరైనా చదవగలిగినట్టే. ఆ పేరును ఎస్ఎన్ఐ అంటారు. మధ్యలోని పరికరం ఆ పేరు చదివి, ఇరువైపులకూ కనెక్షన్ తెంచేయమని దొంగ రీసెట్ పంపుతుంది. 2019లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు భారతదేశంలో రిలయన్స్ జియో నెట్‌వర్క్ సైట్లను ఆపడానికి ఈ పద్ధతి వాడుతోందని గుర్తించారు. ఆ పేరును కూడా దాచే ఈఎస్ఎన్ఐ అనే ఏర్పాటు వస్తే, 2020 జులై చివరి నుంచి చైనా అలా పేరు దాచిన కనెక్షన్లనే తుంచేయడం మొదలుపెట్టింది.

దీన్ని నిర్ధారించే పరీక్షకు కమాండ్ విండోలో నడిచే ఉచిత ప్రోగ్రాములైన కర్ల్ గానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గానీ కావాలి. రెండింటిలోనూ ఒక ఐపీ చిరునామాకు వెళుతూ, పలకరింపులో ఏ పేరు చెప్పాలో మనమే నిర్ణయించే వీలుంది. మొదట నిషేధించారని అనుమానిస్తున్న సైటు చిరునామాకు, ఎవరికీ అభ్యంతరం లేని ఒక పేరుతో వెళ్లండి. సర్వర్ తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వవచ్చు, ఎర్రర్ ఇవ్వవచ్చు, కానీ జవాబు వస్తుంది. తర్వాత అభ్యంతరం లేని ఒక విదేశీ సర్వర్ చిరునామాకు, అనుమానిత పేరుతో వెళ్లండి. మొదటిది నడిచి రెండోది తెగిపోతే, తెంచుతున్నది చిరునామాను చూసి కాదు, పేరును చూసి అని తేలినట్టే. ప్రతి పరీక్షనూ కాస్త వ్యవధి ఇచ్చి మూడు నాలుగు సార్లు చేయండి. చైనా వ్యవస్థ ఒకసారి రీసెట్ పంపాక కొన్ని నిమిషాల పాటు ఆ రెండు చిరునామాల మధ్య మామూలు కనెక్షన్లను కూడా తెంచుతుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2006లోనే చూపించారు. వెంటవెంటనే పరీక్షిస్తే ఈ ప్రభావం వల్ల తప్పుడు నిర్ణయానికి వస్తాం.

ఒకే దేశంలో ఒక ప్రొవైడర్ డీఎన్ఎస్‌తో, ఇంకొకటి పేరు చూసి, మరొకటి అసలు ఆపకుండా ఉండటం తరచూ కనిపించే విషయం. ఒక్క కనెక్షన్ మీద చూసి దేశమంతటికీ వర్తింపజేయకండి.

నెమ్మదించడం: అన్నింటికన్నా మోసకారి పద్ధతి

సైటును పూర్తిగా ఆపకుండా విసుగెత్తేలా నెమ్మదిగా చేయడం సెన్సార్‌కు చాలా అనుకూలం. వాడేవారు సైటునే తిట్టుకుంటారు, నిషేధించారన్న మాటే రాదు. 2021 మార్చి 10న రష్యా ట్విటర్‌ను ఇలా నెమ్మదింపజేసింది. 2019 నాటి సార్వభౌమ ఇంటర్నెట్ చట్టం కింద ప్రొవైడర్ల దగ్గర పెట్టించిన పరికరాలను దానికి వాడారు. వేగం సెకనుకు సుమారు 130 కిలోబిట్లకు పడిపోయింది. ఇక్కడ ఒక వివరాన్ని దగ్గరగా చూడాలి. ట్విటర్ వాడే పొట్టి చిరునామా టి, చుక్క, సి, ఓ అనే నాలుగు గుర్తులే. ఆ నాలుగూ వరుసగా ఎక్కడ కనిపించినా నెమ్మదింపజేయమని నియమం పెట్టడంతో, మైక్రోసాఫ్ట్, రెడిట్ సైట్లు కూడా చిక్కుకున్నాయి. ఆ రెండు పేర్లూ టితో ముగిసి, తర్వాత డాట్ కామ్ వస్తుంది కదా. పరిశోధకులకు ఇది ఎంతో విలువైన ఆధారమైంది. సర్వర్ సమస్య అయితే పేరులో పోలిక ఉన్నంత మాత్రాన పరాయి సైట్లు నెమ్మదించవు.

మీరు కొలిచేటప్పుడు స్పీడ్ టెస్ట్ సైటు మీద ఆధారపడకండి, దాన్ని సాధారణంగా ఎవరూ నెమ్మదింపజేయరు. అనుమానిత సైటు నుంచి ఒక బొమ్మనో వీడియోనో దించి ఎంత సేపు పట్టిందో చూడండి. అంతే పరిమాణంలో ఉన్న ఫైలును వేరే సైటు నుంచి దించి పోల్చండి. ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి మూడు వేళల్లోనూ చేయండి. రద్దీ వల్ల వచ్చే నెమ్మదనం వేళను బట్టి హెచ్చుతగ్గులవుతుంది. నియమం పెట్టి చేసిన నెమ్మదనం అర్ధరాత్రి కూడా ఒకే అంకె దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. ఆ తర్వాత వీపీఎన్ ఆన్ చేసి అదే ఫైలును దించండి. వీపీఎన్‌తో వేగం పెరిగితే ఆలోచించాల్సిందే.

సర్టిఫికెట్ హెచ్చరికను దాటి వెళ్లకండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మూసేసే పద్ధతులు. తెరుచుకున్నట్టే కనిపించి లోపల చదివే పద్ధతి అంతకన్నా ప్రమాదకరం. 2019 జులైలో కజకిస్తాన్ ప్రొవైడర్లు రాజధానిలోని వాడుకరులకు సందేశాలు పంపి, ప్రభుత్వ సర్టిఫికెట్‌ను ఫోనులో వేసుకోవాలని చెప్పారు. వేసుకున్నవారి సంభాషణను మధ్యలో విప్పి చదివి తిరిగి మూసి పంపే వీలు దానితో కలుగుతుంది. ఆగస్టు 21న గూగుల్, మొజిల్లా, యాపిల్ తమ బ్రౌజర్లలో ఆ సర్టిఫికెట్‌ను చెల్లకుండా చేశాయి. 2020 డిసెంబరులో మళ్లీ అదే ప్రయత్నం జరిగింది, మళ్లీ బ్రౌజర్లు అడ్డుకున్నాయి. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి చొరబడి గూగుల్ పేరు మీద పుట్టించిన దొంగ సర్టిఫికెట్‌ను ఇరాన్ వాడుకరుల మీద ప్రయోగించారు. అది బయటపడింది ఒక మామూలు వాడుకరి వల్ల: క్రోమ్ చూపిన హెచ్చరికను కొట్టిపారేయకుండా, ఇది ఎందుకు వచ్చిందని అందరి ముందూ అడిగినందువల్ల. ఆ సంస్థ నెల తిరగకుండానే దివాలా తీసింది.

కాబట్టి హెచ్చరిక వస్తే ముందుకు వెళ్లే బటన్ నొక్కకండి, పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి. సర్టిఫికెట్ వివరాలు తెరిచి, దాన్ని జారీ చేసిన సంస్థ పేరు, చెల్లుబాటు తేదీలు, వేలిముద్ర అనే అంకెల వరుస ఈ మూడింటినీ నమోదు చేయండి. వేరే దేశంలో ఉన్నవారికి అదే సైటు ఏ సర్టిఫికెట్ ఇస్తోందో అడిగి పోల్చండి. మీ ఫోను గడియారం తప్పుగా ఉన్నా, హోటల్ వైఫై లాగిన్ పేజీ అడ్డొచ్చినా ఇలాంటి హెచ్చరికే వస్తుంది కనుక వాటిని ముందు సరిచూసుకోండి.

ఊరంతా, దేశమంతా ఒకేసారి ఆగిపోతే

ఒక సైటు కాకుండా ఇంటర్నెట్టే లేకపోతే మీ దగ్గరి నుంచి చేయగలిగే పరీక్ష ఏమీ ఉండదు. అప్పుడు బయట ఉన్నవారు చూడాలి. దీనికి అందరికీ అందుబాటులో ఉన్న రెండు వనరులను చెబుతాను. జార్జియా టెక్ విశ్వవిద్యాలయం నడిపే ఐఓడీఏ ఒకటి, క్లౌడ్‌ఫ్లేర్ రాడార్ మరొకటి. ఐఓడీఏలో దేశం పేరు ఎంచుకుంటే ప్రధానంగా మూడు గీతలు కనిపిస్తాయి. మా నెట్‌వర్క్‌కు దారి ఇదీ అని ప్రొవైడర్లు ప్రపంచానికి చేసే ప్రకటనలను బీజీపీ గీత చూపుతుంది. బయటి నుంచి పలకరిస్తే ఎన్ని చిరునామాలు పలుకుతున్నాయో రెండోది చూపుతుంది. అక్కడి నుంచి బయటకు వచ్చే అనుకోని ట్రాఫిక్ ఎంతో మూడోది చూపుతుంది. మూడూ ఒకేసారి నిట్టనిలువుగా పడిపోతే దారులే తీసేశారని అనుకోవచ్చు. బీజీపీ నిలకడగా ఉండి మిగతా రెండూ పడిపోతే దారి ప్రకటన అలాగే ఉంచి లోపల వడకడుతున్నారనో, కరెంటు పోయిందనో అనుకోవాలి.

గీత ఆకారమే సగం కథ చెబుతుంది. 2011 జనవరి 28న అర్ధరాత్రి దాటాక ఈజిప్టు ప్రొవైడర్లు ఒకరి తర్వాత ఒకరు కొద్ది నిమిషాల్లో తమ దారులను ఉపసంహరించుకున్నారు. తెగిన కేబుల్ ఏదీ అలా వరసగా కంపెనీలను ఎంచుకోదు. ఫిబ్రవరి 2న అన్నీ తిరిగి వచ్చాయి. మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు తర్వాత, 2021 ఫిబ్రవరి 15 నుంచి ప్రతి రాత్రి ఒంటి గంటకు ఆగి ఉదయం తొమ్మిదికి వచ్చేది. ఇరాక్, సిరియా దేశాల్లో జాతీయ పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాలు బయటకు పొక్కకుండా తెల్లవారుజామున కొన్ని గంటల పాటు దేశమంతా ఆపేసే అలవాటుంది. గడియారం ముల్లుకు సరిపోయేలా ఆగి, అలాగే తిరిగి వచ్చే అంతరాయం ఆదేశం మీద జరిగిందే. ఇరాన్‌లో 2019 నవంబరులో ఇంధన ధరల మీద నిరసనలప్పుడు దేశంలోపలి సేవలు చాలావరకు నడుస్తుండగానే బయటి ప్రపంచంతో సంబంధం దాదాపు వారం రోజులు తెగిపోయింది. అలాంటప్పుడు స్థానిక సైట్లు వస్తున్నాయి కనుక ఇంటర్నెట్ ఉందని చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది.

ప్రకృతి, ప్రమాదం చేసే పని వేరుగా ఉంటుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగా దేశపు ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగి, బాగుచేయడానికి అయిదు వారాలు పట్టింది. 2011 మార్చిలో జార్జియా దేశంలో రాగి కోసం నేల తవ్విన ఒక వృద్ధురాలి పార తగిలి పక్కనున్న ఆర్మేనియాలో గంటల తరబడి ఇంటర్నెట్ పోయింది. 2024 మార్చి 14న ఐవరీ కోస్ట్ తీరంలో కేబుళ్లు దెబ్బతింటే పశ్చిమ ఆఫ్రికాలో అనేక దేశాలు ఒకేసారి ఇబ్బంది పడ్డాయి. సరిహద్దులను లెక్కచేయకుండా ఒక కేబుల్ మీద ఆధారపడినవారందరినీ తాకడం, కొందరికి నెమ్మదిగానైనా వేరే దారిలో రావడం, కోలుకోవడం మెట్లు మెట్లుగా జరగడం దీని లక్షణాలు. ఒక దేశం చేసిన నిషేధమే ఇంకొకరికి ప్రమాదమైన సందర్భం కూడా ఉంది. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపడానికి పాకిస్తాన్ టెలికాం చేసిన తప్పుడు దారి ప్రకటన బయటకు పొక్కి, సుమారు రెండు గంటల పాటు ప్రపంచంలో చాలా భాగానికి యూట్యూబ్ అందలేదు.

యుద్ధకాలంలో మూడో అవకాశాన్ని కూడా చూడాలి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టడానికి సుమారు గంట ముందు వయాశాట్ ఉపగ్రహ సేవ మీద సైబర్ దాడి జరిగి వేలాది మోడెమ్‌లు పనికిరాకుండా పోయాయి. దూరాన జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ పర్యవేక్షణ సంబంధం తెగింది. 2023 డిసెంబరు 12న ఉక్రెయిన్‌లో అతిపెద్ద మొబైల్ సంస్థ కీవ్‌స్టార్ మీద దాడి జరిగితే ఆ ఒక్క కంపెనీ చందాదారులే నష్టపోయారు, మిగతా కంపెనీలు నడిచాయి. అంటే, దాడి ఒక కంపెనీనో ఒక రకం పరికరాన్నో పట్టుకుంటుంది, దేశపు హద్దులను పట్టుకోదు. ప్రభుత్వ ఆదేశం సాధారణంగా ఒక దేశం లేదా జిల్లా హద్దు దగ్గర ఆగుతుంది, ఆ లోపల ఉన్న అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది. ఒక్క సైటు మీద జరిగే దాడి అయితే, 2015 మార్చిలో గిట్‌హబ్ మీద జరిగినట్టు, అన్ని దేశాలవారికీ ఆ సైటు కుంటుతూ కనిపిస్తుంది. దాడిని తట్టుకోవడానికి సైటు నిర్వాహకులే విదేశీ ట్రాఫిక్‌ను ఆపేయడమూ ఉంది. 2007లో ఎస్తోనియా సంస్థలు కొన్ని అదే చేశాయి. అప్పుడు బయటివారికి మూసి, లోపలివారికి తెరిచి ఉంటుంది.

ఊనీతో కొలవడం, ఫలితం చదవడం

ఇంత శ్రమ ప్రతిసారీ పడనక్కర్లేకుండా ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్ ఉంది. 2012లో మొదలైన ఆ ప్రాజెక్టు ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛందంగా కొలిచేవారి ఫలితాలను అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. అలా ప్రచురిస్తుందన్న సంగతి గుర్తుంచుకోండి: మీ ప్రొవైడర్ పేరు, దేశం, సమయం అందులో ఉంటాయి. యాప్ మొదట్లోనే ఈ హెచ్చరిక ఇచ్చి అంగీకారం అడుగుతుంది. దాన్ని చదవకుండా దాటకండి. మీరు ఎంచుకున్న చిరునామాలను మాత్రమే పరీక్షించమని కూడా చెప్పవచ్చు. అది మీ కనెక్షన్ నుంచి వచ్చిన జవాబును, బయటున్న సర్వర్‌కు వచ్చిన జవాబుతో పోల్చి తేడాను చూపుతుంది.

ఫలితంలో అసాధారణం అని వస్తే నిషేధం అని చదువుకోవద్దు. నిర్ధారితం అని వచ్చినప్పుడే, అంటే నిషేధపు పేజీయో దానికి వాడే చిరునామాయో ఇప్పటికే గుర్తించినదై ఉన్నప్పుడే, ఆ మాట వాడవచ్చు. ఊనీ ఎక్స్‌ప్లోరర్‌లో అదే సైటుకు, అదే దేశంలో, గత నెల రోజుల ఫలితాలు తెరవండి. అసాధారణ ఫలితాలు అక్కడక్కడా చెదురుగా ఉంటే అది నెట్‌వర్క్ చపలత్వం. ఫలానా తేదీ దాకా అన్నీ మామూలుగా ఉండి, ఆ రోజు నుంచి అనేక ప్రొవైడర్ల మీద ఒకే రకం వైఫల్యం కనిపిస్తే, ఆ తేదీన ఏం జరిగిందో వార్తల్లో వెతకాలి. మీరు పరీక్ష చేయకపోయినా చూడగలిగిన కొలతలని మొదట చెప్పినవి ఇవే.

నమోదు చేయడం, రాయడం

ప్రతి పరీక్షకూ తేదీ, సమయం రాయండి. స్థానిక సమయంతో పాటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కూడా ఉంటే విదేశాల్లోని కొలతలతో పోల్చడం కుదురుతుంది. ప్రొవైడర్ పేరు, దాని ఏఎస్ సంఖ్య (ఇంటర్నెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను గుర్తించే నంబరు), వైఫైయా మొబైల్ డేటానా, ఏ ఆదేశం ఇచ్చారు, ఏ జవాబు వచ్చింది అన్నవి అక్షరం మార్చకుండా టెక్స్ట్ ఫైలుగా దాచండి. స్క్రీన్‌షాట్ పాఠకుడికి ఉపయోగం, పరిశోధకుడికి మాత్రం ఆ టెక్స్టే కావాలి. బయటకు ఇచ్చే ముందు మీ సొంత ఐపీ చిరునామా, తెరిచి ఉన్న ఇతర ట్యాబులు, నోటిఫికేషన్లు, ఖాతా పేర్లు కనిపించకుండా చూసుకోండి. మీకు సహాయం చేసినవారి పేర్లు ఆ ఫైళ్లలో ఎక్కడా రాయకండి, మీ ఫోను ఎవరి చేతిలోనైనా పడవచ్చు.

రాసేటప్పుడు చూసినదాన్ని, అర్థం చేసుకున్నదాన్ని వేరుగా ఉంచాలి. ఫలానా మూడు ప్రొవైడర్ల మీద ఫలానా సైటు పేరుతో వెళ్లిన కనెక్షన్ రీసెట్ అవుతోంది, అదే చిరునామాకు వేరే పేరుతో వెళితే కావడం లేదు అన్నది చూసిన సంగతి. పేరు చూసి అడ్డుకుంటున్నారన్నది దాని నుంచి తేలిన సంగతి. ప్రభుత్వం ఆదేశించిందన్నది మాత్రం నెట్‌వర్క్ పరీక్షతో తేలదు. దానికి కాగితం కావాలి. కొన్ని చోట్ల ఆ కాగితం దొరుకుతుంది. రష్యాలో ఒక చిరునామా నిషేధ జాబితాలో ఉందో లేదో రాస్‌కామ్‌నద్జోర్ సైటులో వెతకవచ్చు. భారతదేశంలో ఇంటర్నెట్ నిలిపివేత ఆదేశాలను ప్రచురించాలని అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది కనుక వాటిని అడిగే హక్కు ఉంది. ఐటీ చట్టం 69ఏ కింద సైట్లను ఆపే ఆదేశాలకు మాత్రం 2009 నాటి నిబంధనలు గోప్యతను విధించాయి. కాబట్టి అక్కడ సైటు యజమానిని, ప్రొవైడర్‌ను లిఖితపూర్వకంగా అడిగి, వారి జవాబునో జవాబు రాలేదన్న సంగతినో నివేదికలో చేర్చడమే మిగిలిన మార్గం.

ఇంటర్నెట్ తిరిగి వచ్చిందని ప్రకటన వచ్చాక పరీక్షలు ఆపేయకండి. ఉగాండాలో 2021 జనవరి ఎన్నికల ముందురోజు సాయంత్రం ఆపేసిన ఇంటర్నెట్‌ను 18న తిరిగి ఇచ్చారు, సోషల్ మీడియా సైట్లు మాత్రం ఆ తర్వాత కూడా మూసే ఉన్నాయి. పునరుద్ధరణ జరిగిన రోజున, వారం తర్వాత, నెల తర్వాత మొదట వాడిన అవే చిరునామాలను, అవే ఆదేశాలతో, అవే ప్రొవైడర్ల మీద మళ్లీ పరీక్షించి, ఏది తెరుచుకుందో ఏది తెరుచుకోలేదో పాత ఫలితాల పక్కనే తేదీ వేసి రాయండి.